ప్రజాభిప్రాయమును కొలుచుట ఎట్లు?

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు కుండలోని మెతుకులన్నిటిని పట్టి చూడనక్కరలేదు; ఒక్క మెతుకు చాలును. కొద్దిమందిని అడిగి కోట్లాది ప్రజల మనస్సులోని మాటను తెలిసికొనుటకు ఆధారము ఈ సూత్రమే. అయితే ఆ మెతుకును కుండలో ఎక్కడినుండి తీయవలెను? ఈ ప్రశ్నను లెక్కచేయని ఒక పత్రిక 1936లో అమెరికాలో ఎట్లు దెబ్బతిన్నదో చూతము.

ఆ సంవత్సరము అధ్యక్ష పదవికి డెమొక్రాటిక్ పక్షమున ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టు, రిపబ్లికన్ పక్షమున ఆల్ఫ్రెడ్ లాండన్ పోటీ చేసిరి. అప్పుడు దేశము ఆర్థిక మాంద్యములో ఉండెను. నిరుద్యోగులకు పని, వృద్ధులకు పింఛను కల్పించుట ప్రభుత్వ బాధ్యత అని రూజ్‌వెల్టు వాదము. ప్రభుత్వము వ్యాపార వ్యవహారములలో అతిగా జోక్యము చేసికొనరాదని ఆయన ప్రత్యర్థుల వాదము. అందుచే పేదలు ఎక్కువగా మొదటి వైపునకు, సంపన్నులు ఎక్కువగా రెండవ వైపునకు మొగ్గిరి.

'లిటరరీ డైజెస్ట్' అను వారపత్రిక 1916 నుండి 1932 వరకు జరిగిన ఐదు ఎన్నికల విజేతలను ముందుగానే సరిగా చెప్పి పేరు పొందినది. 1936లో ఆ పత్రిక సుమారు ఒక కోటి మందికి ప్రశ్నాపత్రములు పంపెను. 23 లక్షలకు పైగా బదులులు వచ్చెను. వానిలో లాండన్‌కు సుమారు 12 లక్షల 94 వేలు, రూజ్‌వెల్టుకు సుమారు 9 లక్షల 73 వేలు. కాని ఎన్నికలో రూజ్‌వెల్టుకు నూటికి సుమారు 61 ఓట్లు వచ్చెను. 48 రాష్ట్రములలో 46 ఆయనవే అయ్యెను. 1938లో ఆ పత్రిక మూతపడినది.

పొరపాటు ఎక్కడ జరిగినది? పత్రిక చిరునామాలను టెలిఫోను, మోటారుకారు గలవారి జాబితాలనుండి తీసికొనెను. ఆ రోజులలో అవి పేదల ఇండ్లలో అరుదు. అంతకన్న పెద్ద లోపము మరియొకటి కలదు. ప్రశ్నాపత్రము అందినవారిలో నాలుగవ వంతుకూడ బదులు పంపలేదు. రూజ్‌వెల్టును వ్యతిరేకించువారే ఎక్కువ పట్టుదలతో బదులు పంపిరని తరువాతి పరిశీలనలలో తేలినది.

అదే ఎన్నికలో జార్జి గాలప్ అంతకన్న ఎంతో తక్కువమందిని అడిగి, రూజ్‌వెల్టు గెలుచునని సరిగా చెప్పెను. వయస్సు, ఆదాయము, ప్రాంతము మొదలైనవానిని బట్టి ఇంతమందిని అడుగవలెనని ఆయన లెక్క వేసెను. అయితే ఎవరిని అడుగవలెనో ఎంచుకొను పని అడుగువారికే విడిచిపెట్టబడినది. 1948లో ఈ పద్ధతియు విఫలమైనది. గెలుచునని చెప్పిన డ్యూయీ ఓడి, ట్రూమన్ గెలిచెను. ఎన్నికకు చాల ముందుగానే అడుగుట మానివేయుట కూడ ఇందుకు ఒక కారణము.

కాబట్టి ఎంపికను మనిషి ఇష్టమునకు విడువరాదు. చీట్లు తీసినట్లు, ప్రతివానికి ఎన్నికగుటకు సమానావకాశము ఉండవలెను. అట్లు తీసిన 1000 మంది అందరును బదులు చెప్పినచో, వారి అభిప్రాయము నూటికి 95 పర్యాయములు అసలు అభిప్రాయమునకు సుమారు 3 శాతము అటునిటుగా ఉండును. దేశ జనాభా ఒక కోటి అయినను, ముప్పది కోట్లయినను ఈ లెక్క ఇంచుమించు మారదు.

అమెరికాలో మరియొక చిక్కు కలదు. అధ్యక్షుని ఎన్నుకొనుటలో ఓట్ల లెక్క రాష్ట్రములవారీగా జరుగును. చాల రాష్ట్రములలో ఎక్కువ ఓట్లు పొందినవారికే ఆ రాష్ట్రపు ఎలక్టర్లందరు దక్కుదురు. 2016లో హిల్లరీ క్లింటన్‌కు దేశము మొత్తముమీద 28 లక్షలకు పైగా ఓట్లు అధికముగా వచ్చినను, గెలిచినది డొనాల్డ్ ట్రంప్. కనుక దేశాభిప్రాయము సరిగా తెలిసినంతమాత్రమున విజేత ఎవరో తెలియదు. రాష్ట్రములను వేరువేరుగా పరిశీలింపవలెను.

ఈ విషయమును తరగతిలోనే పరీక్షింపవచ్చును. పాఠశాలకు నడిచి వచ్చువారు ఎందరని మొదట సైకిళ్ళు నిలుపుచోట 30 మందిని అడుగుడు. తరువాత హాజరుపట్టీలలోని పేర్లన్నిటిని చీట్లపై వ్రాసి, కలిపి, 30 చీట్లు తీసి వారిని అడుగుడు. చివరకు అందరిని లెక్కించి చూడుడు. మెతుకును ఎక్కడినుండి తీయవలెనో విద్యార్థులే చెప్పగలరు.