లాంచీలో నాగార్జునకొండకు

బళేపేట పిల్లలకు దీవి చూపించాలంటే శ్రీరంగపట్టణం చాలదా అని సంఘంలో పెద్దలు అడిగారు. నిజమే, అదీ కావేరి నడుమ ఉన్న దీవే. కాని బస్సు వంతెన దాటేస్తుంది. దీవిలోకి వచ్చామని పిల్లలకు తెలిసేలోపే టిప్పు కోట ఎదురవుతుంది! అందుకే, దూరమైనా ఈ సెలవుల్లో నాగార్జునకొండకు వెళదామన్నాను. 500 కిలోమీటర్ల పైచిలుకు. రాత్రి బస్సు, పగలంతా అక్కడ, మళ్ళీ రాత్రికి తిరుగు ప్రయాణం. విజయపురి సౌత్ రేవు నుంచి దీవికి లాంచీలోనే వెళ్ళాలి.

దీవి అంటున్నాం గాని అది ఒకప్పుడు కొండ. చుట్టూ ఉన్న లోయలోనే మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. అక్కడి శిథిలాలను మొదట గుర్తించి కబురు పంపినవారు స్థానిక బడిపంతులు సూరపరాజు వెంకటరామయ్యగారు. ఈ ఒక్క మాట చెప్పగానే మా పిల్లలు నిటారుగా కూర్చున్నారు. ఆ తరువాత 1926లో శాసన పరిశోధక శాఖకు చెందిన సరస్వతిగారు వచ్చి చూశారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. లోయ మునుగుతుందని తెలిసి, ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో 1954 నుంచి 1960 దాకా పెద్ద ఎత్తున తవ్వకాలు జరిగాయి. ముఖ్యమైన కట్టడాలు కొన్నిటిని విడదీసి తెచ్చి కొండమీద తిరిగి నిలబెట్టారు, కొన్నిటికి నమూనాలు కట్టారు. మ్యూజియం 1966లో తెరిచారు. మెట్లమెట్ల రంగస్థలాన్ని మాత్రం ఒడ్డున అనుపులో చూడవచ్చు. అక్కడికి బస్సు పోతుంది. లోయలోని ఊళ్ళవాళ్ళు ఇళ్ళూ పొలాలూ వదిలి వెళ్ళారు. లాంచీ ఆ ఊళ్ళమీదుగా పోతుందని పిల్లలకు ముందే చెప్పాను.

ఇక అసలు చిక్కు. "అన్నా, నీళ్ళమీదికి మా పిల్లోణ్ణి పంపేది లేదు" అందొక తల్లి. కాదనడానికి నాకు నోరు రాలేదు. 2024 జనవరి 18న వడోదరలోని హర్ణి చెరువులో బడి పిల్లల పడవ బోల్తాపడి 12 మంది విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయులు పోయారు. పరిమితికి మించి ఎక్కించారు, చాలామందికి లైఫ్ జాకెట్లు లేవు. కనుక మా షరతు ఒక్కటే. రేవులోనే ప్రతి పిల్లవాడికీ ఒంటికి సరిపడే జాకెట్ తొడగాలి. పెద్దలవి పిల్లలకు జారిపోతాయి. జాకెట్లు చాలకపోయినా, గాలి ఎక్కువగా ఉన్నా లాంచీ ఎక్కం. అనుపు చూసి వచ్చేస్తాం. పిల్లలు అలుగుతారు, అలగనివ్వండి.

మ్యూజియానికి శుక్రవారం సెలవు, కాబట్టి ఆ రోజు వద్దు. లాంచీలు నడుస్తున్నదీ లేనిదీ, చివరి లాంచీ ఎన్నింటికన్నదీ బయల్దేరేముందు ఫోనులో ఖాయం చేసుకోవాలి. దీవిమీద గడిపే సమయమంతా దాన్నిబట్టే. పులిహోర, పెరుగన్నం ఇళ్ళనుంచే. ప్రతి ఐదుగురు పిల్లలకు ఒక పెద్ద. ఎక్కేటప్పుడు, దిగాక, తిరిగి ఎక్కేముందు పేర్లు పిలుస్తాం.

అనుమతి పత్రాలు ఒక్కొక్కటే వస్తున్నాయి. ఆ తల్లి ఇంకా సంతకం చేయలేదు. తానూ వస్తానంటే బస్సులో సీటు ఉంచాను.