3270: యంత్రం పోయింది, మాట మిగిలింది

1971లో ఐబీఎం 3270 అనే టెర్మినళ్ల వరుసను మార్కెట్లోకి తెచ్చింది. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు. పెద్ద తెరకు 24 వరుసలు, వరుసకు 80 అక్షరాలు, మొత్తం 1,920. లెక్కలు కట్టే శక్తి టెర్మినల్‌కు లేదు. ఆ పనంతా కోయాక్సియల్ కేబుల్, కంట్రోలర్‌ల అవతల ఉన్న మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్‌దే.

అప్పట్లో టెలిఫోన్ లైన్లు నెమ్మది, మెయిన్‌ఫ్రేమ్ సమయం ఖరీదు. నొక్కిన ప్రతి అక్షరానికీ కంప్యూటర్‌ని కదిలిస్తే వందలమందికి ఒకేసారి పని జరగదు. అందుకే రైల్వే రిజర్వేషన్ ఫారం లాంటి పద్ధతి పెట్టారు: అంతా నింపాకే కౌంటర్లో ఇవ్వాలి. క్లర్కు టైపు చేస్తున్నంతసేపూ మెయిన్‌ఫ్రేమ్‌కు ఏమీ తెలియదు. ఎంటర్ లాంటి మీట నొక్కితేనే సమాచారం కదులుతుంది, అదీ మార్చిన గడులు మాత్రమే. అవతల 1969 నాటి సీఐసీఎస్ అనే లావాదేవీల సాఫ్ట్‌వేర్ దాన్ని అందుకుని కోబాల్ భాషలో రాసిన ప్రోగ్రాముకు అప్పగిస్తుంది. బ్యాంకులు, బీమా కంపెనీలు తమ వ్యవహారాలను ఈ తెరల చుట్టూనే అల్లుకున్నాయి.

1981లో ఐబీఎం పీసీ రావడంతో ఒకే బల్ల మీద రెండు యంత్రాలు చేరాయి. కొద్దికాలానికే ఇర్మా అనే కార్డు వచ్చింది. దాన్ని పీసీలో బిగిస్తే పీసీయే 3270లా నటిస్తుంది, మెయిన్‌ఫ్రేమ్‌కు తేడా తెలియదు. ఆ తర్వాత యునిక్స్, టీసీపీ/ఐపీ నెట్‌వర్కులు విస్తరించాయి. 1988లో, టెల్‌నెట్ మీదుగా 3270 భాష మాట్లాడే పద్ధతి ఇంటర్నెట్ ఆర్‌ఎఫ్‌సీ పత్రాల్లోకి ఎక్కింది. 1990ల చివర్లో వై2కే (2000 సంవత్సరపు తేదీల సమస్య) పనుల కోసం అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని అమెరికా వెళ్లిన తెలుగువాళ్లలో చాలామంది అసలు 3270ని ముట్టుకోనేలేదు. వాళ్లు చూసింది పీసీలో తెరుచుకున్న, 3270లా నటించే ఎమ్యులేటర్ కిటికీని.

పీసీ నటించగలిగినప్పుడు, క్లర్కు పాత్రను ప్రోగ్రాముకు ఎందుకు ఇవ్వకూడదు? స్క్రీన్ స్క్రేపింగ్ అలా పుట్టింది. ఆరో వరుస, ఇరవయ్యో గడి నుంచి పది అక్షరాలు చదువు, అదే ఖాతా నిల్వ. పాత కోబాల్‌లో ఒక్క లైను కూడా ముట్టుకోనక్కర్లేదు గనుక సంస్థలకు ఇది నచ్చింది. కాకపోతే ఎవరైనా తెర మీద ఒక కొత్త వరుస చేర్చారంటే, ప్రోగ్రాము నిల్వకు బదులు ఇంకేదో చదివేస్తుంది.

తెరను వదిలేసి నేరుగా ఫైళ్లనే తెచ్చుకుందామంటే అక్కడ ఇంకో చిక్కు. మెయిన్‌ఫ్రేమ్‌ది ఎబ్సిడిక్ సంకేతం, యునిక్స్, పీసీలది ఆస్కీ. ఇంగ్లిష్ పెద్ద ‘ఎ’ అక్కడ 193, ఇక్కడ 65. ఆస్కీలో అంకెలు అక్షరాలకు ముందు, ఎబ్సిడిక్‌లో వెనక. అక్కడ క్రమంలో పేర్చిన జాబితా ఇక్కడికి వచ్చేసరికి క్రమం తప్పుతుంది. డబ్బు లెక్కలతో ఇంకా ప్రమాదం. మెయిన్‌ఫ్రేమ్ ఒక బైటులో రెండు అంకెలు ఇరికిస్తుంది, ఆఖరి సగం బైటులో ధనమా రుణమా అన్న గుర్తు పెడుతుంది. 12345కు మూడు బైట్లు చాలు. ఇలాంటి ఫైలును మామూలు టెక్స్ట్ అనుకుని మొత్తం ఆస్కీలోకి మార్చేస్తే, పేర్లన్నీ చక్కగా వస్తాయి, మొత్తాలన్నీ పాడవుతాయి. పేర్లు సరిగ్గా కనిపిస్తాయి గనుక అనుమానం కూడా త్వరగా రాదు.

1993లో ఐబీఎం ఎంక్యూసిరీస్‌తో మరో దారి తెరిచింది. రెండు వైపుల ప్రోగ్రాములూ ఒకదాని తెరను ఒకటి తొంగిచూడకుండా, క్యూలో సందేశాలు పెట్టుకుంటాయి. అవతలి యంత్రం ఆగి ఉన్నా సందేశం వేచి ఉంటుంది. ఇప్పుడైతే సీఐసీఎస్ ప్రోగ్రాముకే ఏపీఐ తొడిగి, మొబైల్ యాప్ నుంచి జేసన్‌లో పిలవవచ్చు. అయినా 3270 భాష మాట్లాడే ఎమ్యులేటర్లు నేటికీ పనిచేస్తూనే ఉన్నాయి.

తీగ కలపడం ఇప్పుడు పెద్ద కష్టం కాదు. కానీ రికార్డులో ఏ బైటు దగ్గర పేరు ముగిసి సొమ్ము మొదలవుతుందో చెప్పే కోబాల్ కాపీబుక్ దొరకాలి. అది లేకపోతే ఎంత కొత్త ఏపీఐ అయినా ఆ బైట్ల నుంచి ఒక్క రూపాయి లెక్క కూడా తేల్చలేదు.