తెర మీద అక్షరం అలుక్కుపోతోందా?

యూఏఈలో మన తెలుగువాళ్లు ఉండే గదుల్లో కంప్యూటర్ అంటే ఎక్కువగా పాతదే. ఊరికి వెళ్లిపోతూ ఎవరో అమ్మేసిన సీపీయూ, ఇంకెక్కడో కొన్న మానిటర్, మరెవరో ఇచ్చిన కేబుల్. ఆన్ చేస్తే బొమ్మ వస్తుంది గానీ అక్షరాలు తడిసిన కాగితం మీద సిరాలాగా ఉంటాయి. సినిమా బాగానే కనిపిస్తోంది కదా అని సర్దుకుపోయేవాళ్లే ఎక్కువ.

అయితే సర్దుకుపోతే కుదరని పనులున్నాయి. ఎమిరేట్స్ ఐడీ నంబరు 784తో మొదలవుతుంది, మొత్తం 15 అంకెలు. మన పాస్‌పోర్టు నంబరు ఒక అక్షరం, ఏడు అంకెలు. మసక తెర మీద 3కీ 8కీ, 5కీ 6కీ తేడా తెలీదు. ఇంటి నుంచి పొలం పాస్‌బుక్ కాపీ పంపితే సర్వే నంబరు 113 అవునో 118 అవునో తేలదు. సైటాఫీసులో అయితే మరీను. స్టీల్ షెడ్యూల్‌లో 16 ఎంఎం రాడ్డుని 10 ఎంఎం అని చదివితే ఏమవుతుందో కాంక్రీటు పని చేసేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. తెలుగు చదివేవాళ్ల కష్టం ఇంకోటి. ద, ధ, థ ల మధ్య తేడా అంతా కింద ఓ చిన్న గీత, లోపల ఓ చుక్క. తెర మసకైతే ముందుగా పోయేవి అవే.

మా క్యాంపులో టైల్స్ పని చేసే జగిత్యాల అన్న ఒకాయనకి ఇదే బాధ వచ్చింది. షాపుకి తీసుకెళితే మానిటర్ పోయింది, కొత్తది కొనమన్నారు. గదిలో వాళ్లేమో కళ్లద్దాలు పెట్టుకో అన్నారు. మేం నలుగురం కూర్చుని చూస్తే అది 24 అంగుళాల మానిటర్, పెట్టింది మాత్రం 1024 బై 768. దాన్ని 1920 బై 1080కి మార్చాం. అక్షరం అచ్చు గుద్దినట్టు వచ్చింది. ఒక్క ఫిల్స్ ఖర్చు కాలేదు.

ఎందుకలా అంటే, ఎల్‌సీడీ తెరలో చుక్కల సంఖ్య ఫ్యాక్టరీలోనే ఖరారైపోతుంది. 1920 బై 1080 మానిటర్ అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు, ఒకటి ఎక్కువా కాదు తక్కువా కాదు. కంప్యూటర్ 1024 చుక్కల బొమ్మ పంపిస్తే మానిటర్ దాన్ని సాగదీసి 1920 చుక్కల మీద పరవాలి. గది కొలతకి సరిపోని టైల్స్ తెస్తే ఎలా ఉంటుంది? ప్రతి వరసలో ముక్కలు కొయ్యాలి. ఇక్కడ చుక్కని కొయ్యడం కుదరదు కాబట్టి పక్కపక్క రంగుల్ని కలిపేస్తుంది. నలుపుకీ తెలుపుకీ మధ్య బూడిద రంగు వచ్చి చేరుతుంది. మనకి మసకగా కనపడేది ఆ బూడిద రంగే.

పాలిటెక్నిక్ ల్యాబుల్లో లావుపాటి పాత మానిటర్ల మీద నేర్చుకున్న మాలాంటి వాళ్లకి అక్షరం చిన్నగా ఉంటే రిజల్యూషన్ తగ్గించడం అలవాటు. పిక్చర్ ట్యూబులో ఇలా ఖరారైన చుక్కల లెక్క లేదు, కాబట్టి అప్పట్లో ఆ పద్ధతి చెల్లింది. పల్చటి తెరకి చెల్లదు.

మార్చడం రెండు నిమిషాల పని. డెస్క్‌టాప్ మీద ఖాళీ చోట మౌస్ కుడి బటన్ నొక్కి, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. డిస్‌ప్లే రిజల్యూషన్ దగ్గర 'రికమెండెడ్' అని రాసి ఉన్న దాన్నే ఎంచుకోండి. తేడా వచ్చి తెర నల్లబడితే కంగారు పడొద్దు, ఏమీ నొక్కకుండా 15 సెకన్లు ఆగితే పాతదే తిరిగి వస్తుంది. ఇప్పుడు అక్షరాలు చిన్నవయ్యాయా? అదే పేజీలో 'స్కేల్' ఉంటుంది. దాన్ని 125 శాతమో 150 శాతమో చేయండి. చుక్కలు అన్నీ పనిచేస్తాయి, అక్షరం పెద్దదవుతుంది. (విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది, గదుల్లో ఇంకా అదే నడుస్తోందనుకోండి. 11లోనూ దారి ఇదే.) ఆ తర్వాత స్టార్ట్‌లో 'క్లియర్‌టైప్' అని వెతికి, అది చూపించే నమూనాల్లో మీ కంటికి బాగున్నవి ఎంచుకుంటూ పోతే ఇంకాస్త నిగ్గు తేలుతుంది.

కొందరికి జాబితాలో సరైన నంబరే కనపడదు. ఫార్మాట్ కొట్టించిన సిస్టమ్స్‌లో ఇది మామూలే. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని ఉంటే అసలు డ్రైవర్ పడలేదని అర్థం. నెట్ కలిపి విండోస్ అప్‌డేట్ నడపండి. దొరక్కపోతే ఇంటెల్, ఏఎండీ, ఎన్విడియా - మీది ఏ చిప్ అయితే ఆ కంపెనీ సైటు నుంచే దించుకోండి. డ్రైవర్ దొరుకుతుందని చెప్పే దారిన పోయే సైట్ల జోలికి మాత్రం వెళ్లొద్దు.

రెండు పక్కలా మరలుండే వీజీఏ కేబుల్ అయితే దోషం దాంట్లోనూ ఉండొచ్చు. అక్షరం వెనక నీడ పడుతుంటే కేబుల్ బిగించి, నిండా రాత ఉన్న పేజీ తెరిచి, మానిటర్ మీదున్న 'ఆటో' బటన్ నొక్కండి. వీలుంటే హెచ్‌డీఎంఐకి మారిపోండి, ఈ గొడవ ఉండదు.

టీవీనే మానిటర్‌గా వాడేవాళ్లూ ఉన్నారు. 32 అంగుళాల టీవీలు చాలావాటిలో అడ్డంగా ఉండేది 1366 చుక్కలే, దగ్గర కూర్చుని చదవడానికి అవి చాలవు. ఉన్నదాన్నే వాడాలంటే టీవీలో ఆ ఇన్‌పుట్‌కి 'పీసీ' అని పేరు పెట్టండి, షార్ప్‌నెస్ తగ్గించండి, అంచులు తెగిపోతుంటే 'స్క్రీన్ ఫిట్' గానీ 'జస్ట్ స్కాన్' గానీ ఆన్ చేయండి.

ఇవన్నీ చేసినా ఒక ఫైలు మాత్రమే మసకగా ఉంటే తెరని తిట్టి లాభం లేదు. వాట్సాప్‌లో ఫొటోగా పంపిన కాగితం దారిలో నలిగిపోతుంది. డ్రాయింగైనా పాస్‌పోర్టు కాపీ అయినా 'డాక్యుమెంట్' కింద పంపమనండి.

తప్పు ఎక్కడుందో తేలకపోతే స్క్రీన్‌షాట్ తీసి, దాన్నీ డాక్యుమెంట్‌గానే ఫోన్‌కి పంపుకుని పెద్దది చేసి చూడండి. ఫోన్‌లో అక్షరం స్పష్టంగా ఉంటే దోషం మానిటర్‌దో, కేబుల్‌దో, రిజల్యూషన్‌దో. ఫోన్‌లోనూ మసకగా ఉంటే ఆ ప్రోగ్రాముదో, ఫైలుదో. స్క్రీన్‌షాటే కాదు, ఫోన్‌లో ఏది చదివినా, చేతిలో కాగితం చదివినా మసకే అనిపిస్తే అప్పుడు కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

సెకండ్ హ్యాండ్ మానిటర్ కొనేవాళ్లు డబ్బులిచ్చే ముందు అక్కడే రికమెండెడ్ రిజల్యూషన్ పెట్టించి, ఒక తెలుగు పేజీ తెరిపించి ద, ధ, థ లు చదివి చూసుకోండి. సినిమా పాట వేసి చూపిస్తామంటే ఒప్పుకోవద్దు.