జొన్న రొట్టెతో ఎంచిలాడా.. ఓవెన్ లేకున్నా చేసేయొచ్చు!

రీల్స్‌లో చూసే ఉంటారు. గాజు ట్రేలో చుట్టలు చుట్టి పేర్చిన రొట్టెలు, వాటి మీద ఎర్రటి సాస్, ఆ పైన బుడబుడమంటూ కరుగుతున్న చీజ్. పేరు ఎంచిలాడా. నల్లగొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో ఉన్నవాళ్లకు అది తినాలంటే హైదరాబాద్ బస్సెక్కాల్సిందే అనిపిస్తుంది. కానీ స్పానిష్‌లో ఆ పేరుకు అర్థం తెలిస్తే నవ్వొస్తుంది. ఎంచిలాడా అంటే 'మిర్చి పట్టించినది'. అంతే! రొట్టెను ఎర్ర కారంలో ముంచి తీయడమే అసలు వంటకం. రొట్టె, ఎర్ర కారం.. పాలమూరోళ్లకు ఇందులో కొత్తేముంది చెప్పండి?

మెక్సికోలో 1831లో అచ్చయిన 'ఎల్ కోసినేరో మెహికానో' అనే వంటల పుస్తకంలోనే ఎంచిలాడాలు ఉన్నాయి. అక్కడి వీధి బండ్ల మీద ఇప్పటికీ మక్క రొట్టెను వేడి నూనెలో ఒకసారి అటూఇటూ తిప్పి, మిర్చి సాస్‌లో ముంచి, మడిచి పళ్లెంలో పెట్టిస్తారు. ట్రేలో పేర్చి బేక్ చేయడం అమెరికా ఇళ్లలో బాగా పాకిన అలవాటు. కాబట్టి ఓవెన్ లేదని ఆగిపోవాల్సిన పనిలేదు.

ఇంకోమాట. సూపర్ మార్కెట్లలో 'టోర్టిల్లా ర్యాప్' పేరుతో దొరికే ప్యాకెట్లు చాలావరకు మైదావి. సాస్ తగిలిందంటే ముద్దయిపోతాయి. వాటికి పెట్టే డబ్బులతో మంచి చీజ్ కొనుక్కోండి.

చుట్టొద్దు.. పేర్చండి

జొన్న రొట్టెతో వచ్చే చిక్కు ఒక్కటే, చుడితే విరుగుతుంది. గోధుమలో ఉండే గ్లూటెన్ జొన్నలో ఉండదు. మరుగుతున్న నీళ్లు పోసి కలిపినప్పుడు పిండి ఉడికి వచ్చే జిగురే దాన్ని పట్టి ఉంచుతుంది. వేడి మీద మెత్తగా ఉండే రొట్టె, చల్లారితే పెళుసుబారుతుంది. మరెలా? అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో ఎంచిలాడాలను చుట్టరు. ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన ఒక గుడ్డు పొరటు కాకుండా అలాగే వేయించి పెడతారు. మన రొట్టెకు ఈ పద్ధతి అచ్చంగా సరిపోతుంది. పైగా రాత్రి మిగిలిన రొట్టెలైతే ఇంకా నయం. సాస్ పీల్చుకుని మెత్తబడతాయి కానీ చెదిరిపోవు.

నలుగురికి ఆరు రొట్టెలు చాలు. పలుచగా, మీ గిన్నెలో పట్టేంత చిన్నగా కొట్టుకోండి. కాల్చాక ఒక్కోదానికి రెండువైపులా కాస్త నూనె రాసి మళ్లీ పెంక మీద అర నిమిషం వేడిచేయండి. ఈ పని మాత్రం మానొద్దు. ఆ నూనె పొరే రొట్టెను సాస్‌లో నానిపోకుండా కాపాడుతుంది.

ఇక సాస్. మెక్సికన్లు వాడే గ్వాహీయో మిర్చి రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. మన గుంటూరు మిర్చి, తేజ రకం అలా ఊరుకోవు. అందుకే బ్యాడిగి మిర్చి తెచ్చుకోండి. పన్నెండు బ్యాడిగి కాయల గింజలు దులిపి, పెంక మీద వాసన వచ్చేదాకా మాత్రమే వేడిచేయాలి. నల్లబడితే సాస్ మొత్తం చేదే. వాటిని వేడినీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టండి. ఆలోగా రెండు టమాటలు, ఒక ఉల్లిగడ్డ ముక్కలు, నాలుగు ఎల్లిపాయ రెబ్బలు పెంక మీదే మచ్చలు పడేలా కాల్చుకోండి. అన్నీ కలిపి అర చెంచా జిలకర, ఉప్పు వేసి మెత్తగా రుబ్బి, రెండు చెంచాల నూనెలో పది నిమిషాలు ఉడికించండి. చట్నీ కన్నా పల్చగా, సాంబారు కన్నా చిక్కగా ఉండాలి. ఒరెగానో లేకపోతే చిటికెడు వాము నలిపి వేయొచ్చు. ఈ దశలో చింతపండు వేద్దామని చెయ్యి లాగుతుంది. వద్దు! టమాట పులుపు చాలు, అది పడితే పులుసైపోతుంది.

లోపల పెట్టడానికి మెక్సికోలో నల్ల బీన్స్ వాడతారు. మనకు బొబ్బర్లు ఉన్నాయి కదా. నానబెట్టి ఉడికించి, ఉల్లిగడ్డ వేసి వేయించి, సగం మెదపండి. నిన్నటి కోడికూర ఉంటే ముక్కల్ని చీల్చి వేసుకోవచ్చు. చీజ్ ఓ 150 గ్రాములు. కరిగి సాగాలంటే మోజరెల్లా. సాగకపోయినా ఫర్లేదనుకుంటే పనీర్ పొడిచేసి చల్లండి. మెక్సికో ఊళ్లలో చల్లే 'కేసో ఫ్రెస్కో' కూడా కరగని రకమే, రుచిలో పనీర్‌కు దగ్గర.

స్టీలు గిన్నె అడుగున గంటెడు సాస్ పోసి, సాస్‌లో ముంచిన రొట్టె, బొబ్బర్లు, చీజ్.. ఇలా వరుసలు వేసుకుంటూ పోండి. చివరన సాస్, చీజ్ రావాలి. ఓటీజీ ఉంటే 180 డిగ్రీల దగ్గర పావుగంట నుంచి ఇరవై నిమిషాలు. లేదంటే మందపాటి కడాయిలో అంగుళం మందం ఉప్పు పోసి, మధ్యలో చిన్న స్టాండ్ పెట్టి, మూతేసి పది నిమిషాలు కాగనివ్వండి. అందులో గిన్నె పెట్టి, సన్నని మంట మీద ఇరవై నిమిషాలు ఉంచితే చాలు. నాన్‌స్టిక్ కడాయి మాత్రం దీనికి వాడకూడదు. పైన ఓవెన్‌లో వచ్చే ఎర్రటి రంగు రాదు, కానీ రుచికి లోటుండదు. దించి పది నిమిషాలు ఆగి కోస్తే పొరలు జారిపోవు.

మక్కలున్నాయి.. సున్నం మాటేంటి?

'అసలు టోర్టిల్లా మక్కలతోనే కదా, మన దగ్గర మక్కలకు కొదవా?' అని అడగొచ్చు. నిజమే. జడ్చర్ల, కల్వకుర్తి దిక్కు ఎంత మక్క పండుతుందో తెలిసిందే. అయితే అందులో ఎక్కువ భాగం కోళ్ల దాణాకు, స్టార్చ్ ఫ్యాక్టరీలకు పోతుంది. మక్క గట్క తినే ఇళ్లు తగ్గిపోయాయి. జొన్నదీ అదే కథ. 1967లో నాగార్జునసాగర్ కాలువల్లో నీళ్లు వదిలాక మిర్యాలగూడ వైపు వరి పొలాలు పరుచుకున్నాయి. 1983 నుంచి రెండు రూపాయల బియ్యం ఇంటింటికీ చేరింది. కడుపు నింపిన ఆ బియ్యాన్ని తప్పుపట్టలేం. రొట్టె మాత్రం పొయ్యి దిగింది.

మక్క పిండితో నేరుగా రొట్టె కొడితే అంచులు పగులుతాయి. మెక్సికన్ల రొట్టె మడిచినా విరగదు. తేడా సున్నంలో ఉంది. వాళ్లు మక్కలను సున్నపు నీళ్లలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, పొట్టు పోయేలా రుద్ది కడిగి రుబ్బుతారు. దీన్ని నిష్టమలైజేషన్ అంటారు. సున్నం వల్ల పిండికి సాగే గుణం వస్తుంది. అంతకన్నా ముఖ్యం, మక్కలో ఒంటికి పట్టకుండా ఉండే నియాసిన్ అనే బి3 విటమిన్ అందుబాటులోకి వస్తుంది. యూరప్ వాళ్లు మక్కను తీసుకెళ్లారు, సున్నాన్ని అక్కడే వదిలేశారు. ఫలితంగా ఇటలీలో, తర్వాత అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మక్క మీదే బతికిన పేదలను పెల్లాగ్రా పట్టుకుంది. ఎండ తగిలేచోట చర్మం నల్లబడి పగలడం, విరేచనాలు, మతి తప్పడం దాని లక్షణాలు.

ఆ జబ్బు మన దక్కన్‌లోనూ కనిపించింది, జొన్న తప్ప ఇంకేమీ దొరకని కూలీల్లో. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకంఠయ్య 1960లో 'లాన్సెట్' పత్రికలో దీని మీద రాశారు. జొన్నలో ల్యూసిన్ ఎక్కువగా ఉండటం కారణమని వాళ్ల వాదన. దాని మీద తర్వాత చాలా చర్చే నడిచింది. కంగారేం వద్దు, పప్పు, గుడ్డు, పల్లీలు పక్కన ఉన్నంతవరకు రొట్టెతో ఆ భయం లేదు. బొబ్బర్లు పెట్టమన్నది రుచి కోసమొక్కటే కాదన్నమాట.

ఓపిక ఉన్నవాళ్లు సున్నం పద్ధతీ చూడొచ్చు. కిలో ఎండు మక్కలకు మూడు లీటర్ల నీళ్లు, పది గ్రాముల సున్నం. తినడానికి పనికొచ్చే సున్నమే కావాలి, గోడలకు వేసేది కాదు. అల్యూమినియం గిన్నె వాడితే సున్నం దాన్ని తినేస్తుంది, స్టీలుదే పెట్టండి. ముప్పావుగంట ఉడికించి రాత్రంతా వదిలేసి, తెల్లారి మూడునాలుగు నీళ్లు మార్చి కడగాలి. విత్తనాల కోసం అమ్మే గులాబీ రంగు మక్కలు ముట్టుకోవద్దు, వాటికి మందు పట్టించి ఉంటుంది. స్వీట్ కార్న్ కూడా దీనికి పనికిరాదు. రుబ్బిన ముద్దను రెండు ప్లాస్టిక్ కవర్ల మధ్య పెట్టి, బరువైన పళ్లెంతో ఒత్తితే టోర్టిల్లా రెడీ. ఈ రొట్టెనైతే చుట్టుకోవచ్చు కూడా.