అల్పసంఖ్యాకుల భాషాహక్కులు – ఐరోపాలోను, మన యెల్లలోను

వేసవి సెలవులు ముగిసి పాఠశాలలు తెరచునపుడు మా కార్యాలయపు బల్లమీద ప్రవేశ దరఖాస్తులు పేరుకొనును. బిడ్డ పేరు, పుట్టిన తేది, తండ్రి వృత్తి మున్నగు వాని నడుమ “మాతృభాష” అను గడి యొకటి అందు కలదు. ఈ సంవత్సరము సమీప గ్రామమునుండి వచ్చిన ఒక రైతు తక్కిన గడులన్నియు నింపి, ఆ యొక్క గడిని ఖాళీగా విడిచి, “అయివారూ, ఇక్కడ ఏమి రాస్తే పిల్లోనికి మేలు?” అని అడిగెను. అతడు నాతో మాటలాడినది తెలుగు; బిడ్డను మందలించినది తెలుగు; దరఖాస్తు నింపినది మాత్రము కన్నడమున, ఏలయన అతడు చదివినది కన్నడ పాఠశాలలో. అతని వెనుక మరి పదిమంది నిలిచియుండుటచేత అపుడు నేను చెప్పగలిగినది రెండు మాటలే. సంఘమువారు ఈ వార్షిక సంచికకు వ్యాసము కోరినపుడు ఆ రెండు మాటలను విడమరచి వ్రాయుట మేలని తోచినది. అతని ప్రశ్న చిన్నది కాదు. దానికి సమాధానము వెదకుటలో ఐరోపా దేశములు నూఱేండ్లకు పైగా గడపినవి.

ముందుగా మన యునికిని చూతము. నాగలమడిక ఉత్తర పినాకిని ఒడ్డున నున్నది. ఇచ్చటి సుబ్రహ్మణ్యస్వామి రథోత్సవమునకు వచ్చు జనములో ఎవరు కన్నడమువారు, ఎవరు తెలుగువారు అని ఎవరును లెక్కింపరు. ఒకే వాక్యమున రెండు భాషలును కలిసివచ్చుట కలదు. పటము చూచినచో పావగడ తాలూకా చుట్టును అధికభాగము ఆంధ్రదేశమే. 1956 నవంబరు 1న రాష్ట్రములు పునర్విభజింపబడినపుడు మనము మైసూరు రాష్ట్రమున నిలిచితిమి. 1973లో దానికి కర్ణాటకమను పేరు వచ్చినది. ఎల్లకు ఆవల మడకశిర ప్రాంతమున కన్నడము మాటలాడు కుటుంబములనేకము ఆంధ్రదేశమున నిలిచినవి. మనమిచ్చట ఎట్లో వారచ్చట అట్లు. ఫజల్ అలీ అధ్యక్షుడుగా, కుంజ్రూ, పణిక్కరు సభ్యులుగా నేర్పడిన పునర్విభజన సంఘము 1955లో నివేదిక సమర్పించుచు, గీత ఎచ్చట గీచినను ఇరువైపుల అల్పసంఖ్యాకులు మిగులుదురని గుర్తించి, వారికి రక్షణలు కల్పింపవలెనని కోరినది.

ఆ రక్షణలేవి? రాజ్యాంగము అమలులోనికి వచ్చిననాటినుండియు 29వ అధికరణము తమ భాషను, లిపిని, సంస్కృతిని నిలుపుకొను హక్కును, 30వ అధికరణము తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నడపుకొను హక్కును ఇచ్చుచున్నవి. 1956లో ఏడవ సవరణ మూలమున 350-ఎ, 350-బి అనునవి చేరినవి. మొదటిది ప్రాథమిక దశలో అల్పసంఖ్యాకుల బిడ్డలకు మాతృభాషలో బోధన కల్పించుటకు ప్రతి రాష్ట్రమును ప్రయత్నింపవలెనని చెప్పును. “ప్రయత్నింపవలెను” అను క్రియను తలిదండ్రులు గమనింపవలెను. “కల్పించి తీరవలెను” అని చట్టము చెప్పలేదు. రెండవది భాషాల్పసంఖ్యాకుల కమీషనరు పదవిని ఏర్పరచినది. 1957లో బి. మాలిక్ గారు మొదటి కమీషనరుగా నియమింపబడిరి. కమీషనరు విచారించును, రాష్ట్రపతికి నివేదిక పంపును, అది పార్లమెంటు ముందుంచబడును. ఆజ్ఞాపించు అధికారము మాత్రము ఆయనకు లేదు.

నిత్యజీవితమున మనకు తగులునవి అధికరణములకన్న అంకెలు. 1949లో విద్యామంత్రుల సమావేశము చేసిన తీర్మానము నేటికిని ఆధారముగా నున్నది: పాఠశాల మొత్తములో నలువదిమందియో, ఒక తరగతిలో పదిమందియో మాతృభాషలో బోధన కోరినచో కనీసము ఒక ఉపాధ్యాయుని నియమింపవలెను. జిల్లాలోగాని అంతకు చిన్నదైన పురపాలక, తాలూకా వంటి ప్రాంతములోగాని అల్పసంఖ్యాకులు నూటికి పదునైదు మొదలు ఇరువదివరకు ఉన్నచోట ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలను వారి భాషలోను వెలువరింపవలెనని 1956నాటి కేంద్ర ప్రభుత్వపు పత్రము చెప్పినది. పాఠశాల తెరచుటకు ముందే దరఖాస్తులను నమోదు చేసికొనుట, ఒక పాఠశాలలో సంఖ్య చాలనిచో సమీప పాఠశాలతో సర్దుబాటు చేయుట అనునవి కమీషనరు నివేదికలలో మాటిమాటికి కనబడు సూచనలు. ఈ అంకెలన్నియు ఎచ్చటనుండి పుట్టును? మొదట చెప్పిన ఆ గడినుండి.

ఇందుకు నా అనుభవమొకటి చెప్పెదను. కొన్నియేండ్ల క్రిందట నేను పనిచేసిన ఒకచోట తెలుగు తరగతికి పిల్లలు తొమ్మండుగురే తేలిరి. ఉపాధ్యాయుని పోస్టుకై వ్రాసితిమి. “సంఖ్య చాలదు” అని ఒక కార్యాలయమునుండి ఒక్క పంక్తి జవాబు వచ్చినది. ఆ పంక్తిని చూచి కోపించితిని. కాని తరువాత ప్రక్క విభాగపు రిజిస్టరు తిరుగవేయగా, ఇంట తెలుగే మాటలాడు పిల్లలు నలుగురు అందు వేరు భాష క్రింద చేరియుండిరి. తలిదండ్రులు తొందరలో వ్రాసినదో, వ్రాసిపెట్టినవారు తమకు తోచినట్లు నింపినదో తెలియదు. కార్యాలయము అంకె తప్పు కాదు. అంకె పుట్టినచోటనే తప్పు జరిగినది. ఆ తరగతి మరల తెరువబడలేదు.

ఇపుడు ఐరోపాకు పోదము. జర్మనీకిని డెన్మార్కునకును నడుమ ష్లెస్విగ్ అను సీమ యున్నది. 1864 యుద్ధమునందు డెన్మార్కు ఓడిపోగా అది ప్రష్యా వశమైనది. మొదటి ప్రపంచ యుద్ధానంతరము 1920లో ప్రజాభిప్రాయము సేకరించి సీమను రెండుగా చీల్చిరి. ఉత్తర భాగము డెన్మార్కునకు, ఫ్లెన్స్‌బుర్గ్ పట్టణముతో కూడిన భాగము జర్మనీకి చెందినది. గీత దక్షిణమున డేనిష్ వారును, ఉత్తరమున జర్మనులును మిగిలిరి. పావగడ, మడకశిరలను తలచుకొన్నచో ఈ చిత్రము మనకు కొత్తది కాదు. కాని అచ్చట నడుమ రెండు యుద్ధములు, రక్తపాతము, అనుమానము ఉండెను, మనకట్టిది లేదు. ఇది మన అదృష్టము.

రెండవ యుద్ధము ముగిసిన పదేండ్లకు, 1955 మార్చి 29న, ఉభయ ప్రభుత్వములును రెండు ప్రకటనలు చేసినవి. ఇవి సంధిపత్రములు కావు. ఎవరి గడ్డమీది అల్పసంఖ్యాకులకు వారే ఇచ్చుకొన్న మాటలు. అందు ముఖ్యమైన విషయమిది: తాను డేనిష్ జాతీయతకు, సంస్కృతికి చెందినవాడనని ఒకడు ప్రకటించుకొనుటకు స్వేచ్ఛ కలదు, అధికారులు దానిని కాదనరాదు, పరీక్షింపరాదు. ఉత్తరమున జర్మనులకును ఇదే న్యాయము. “నీ పేరు జర్మను పేరువలె నున్నది, నీ తాత జర్మను, కావున నీ బిడ్డ డేనిష్ పాఠశాలకు పోరాదు” అని చెప్పు అధికారము ఎవరికిని లేకపోయినది. ప్రకటించువాడు తండ్రి, నమ్మవలసినది ప్రభుత్వము.

దాని ఫలముగా దక్షిణ ష్లెస్విగ్‌లో శిశుపాఠశాలలు మొదలు ఉన్నత పాఠశాలవరకు డేనిష్ భాషలో నడచుచున్నవి. అచ్చటి పిల్లలు జర్మను భాషను పైపైన నేర్చుకొనరు. దానియందును ఇంటివారికి దీటుగా తయారగుదురు. ఫ్లెన్స్‌బుర్గ్‌లోని డేనిష్ ఉన్నత పాఠశాల తుది పరీక్ష రెండు దేశములలోను చెల్లును. ఉన్న హక్కైనను కావలి లేక నిలువదు. 2010లో అచ్చటి రాష్ట్ర ప్రభుత్వము పొదుపు పేరిట డేనిష్ పాఠశాలలకిచ్చు తలసరి ధనసహాయమును తగ్గించుటకు నిశ్చయించినది. తలిదండ్రులు వీధికెక్కిరి, కొన్నియేండ్లకే ఆ తగ్గింపు తొలగినది.

ఫిన్లాండు మార్గము వేరు. అచ్చట స్వీడిష్ మాటలాడువారు నూటికి అయిదుగురు మాత్రమే. 2011 జనాభా లెక్కల ప్రకారము కర్ణాటకమున తెలుగు మాతృభాషగా కలవారును నూటికి ఇంచుమించు ఆరుగురు, అనగా ముప్పదియైదు లక్షలకు పైబడినవారు. నిష్పత్తి సమీపమైనను స్థితి వేరు. ఫిన్లాండు 1919నాటి రాజ్యాంగమునందే రెండు భాషలను జాతీయ భాషలుగా స్వీకరించినది. ఒక పురపాలక ప్రాంతమున అల్పసంఖ్యాకులు నూటికి ఎనిమిదిమందియైనను, మూడువేలమందియైనను ఉన్నచో అది ద్విభాషా ప్రాంతమగును. పదేండ్లకొకసారి లెక్క సరిచూతురు. మన 1956నాటి పత్రమున జిల్లా పాలన ద్విభాషగా ఉండుటకు సూచించిన అంకె నూటికి ముప్పది. ఎనిమిదికిని ముప్పదికిని గల దూరము పాఠకులే చూచుకొందురుగాక.

ఐరోపా దేశములన్నిటికి ఉమ్మడిగా ఐరోపా మండలి 1992లో ప్రాంతీయ, అల్పసంఖ్యాక భాషల ఒప్పందమును సిద్ధపరచినది. 1998 మార్చి 1నుండి అది అమలులోనున్నది. ఇరువదియైదు దేశములు దానిని ధ్రువీకరించినవి. దాని పనితీరు విచిత్రము. విద్య, న్యాయస్థానములు, పరిపాలన, పత్రికలు, సంస్కృతి మొదలగు శీర్షికల క్రింద అనేక వాగ్దానములు వరుసగా నుండును. ప్రతి దేశమును తాను నెరవేర్పగల కనీసము ముప్పదియైదింటిని ఎంచుకొని, ఏ భాషకు ఏవి వర్తించునో చెప్పి సంతకము చేయును. తరువాత నిపుణుల సంఘము వచ్చి, చెప్పినది చేసితిరా అని అడుగును. ఫ్రాన్సు 1999లో సంతకము చేసియు ధ్రువీకరింపలేదు; తమ రాజ్యాంగమునకు అది విరుద్ధమని వారి రాజ్యాంగ మండలి తేల్చినది. పెద్ద దేశములకును ఈ విషయమున జంకు కలదన్నమాట. వలసవచ్చినవారి భాషలు ఈ ఒప్పందములో చేరవు గనుక లండనులో స్థిరపడిన మన తెలుగువారికి దీనివలన ప్రయోజనము లేదు.

హక్కును లాగికొన్నపుడు ఏమగునో ఇటలీ ఉత్తరపు కొండసీమ చెప్పును. మొదటి యుద్ధము తరువాత ఆస్ట్రియానుండి దక్షిణ టిరోల్ ఇటలీకి వచ్చినది. 1923నుండి ముసోలినీ ప్రభుత్వము జర్మను బోధనను తుడిచిపెట్టగా, పల్లెటూళ్ల ఇండ్లలోను, పశువుల కొట్టములలోను రహస్యముగా బడులు నడచినవి. పట్టుబడిన ఉపాధ్యాయినులు శిక్షలనుభవించిరి. 1946లో ఆస్ట్రియా, ఇటలీల నడుమ ఒప్పందము కుదిరినను, ఆ సీమకు తృప్తికరమైన స్వపరిపాలన లభించుటకు 1972వరకు పట్టినది. మనకు దొంగచాటు బడులు అక్కరలేదు. తలుపు తెరచియున్నది, లోనికి వచ్చువారే తగ్గుచున్నారు.

అట్లు తగ్గుటకు కారణము ఎవరో మనలను ఆపుట అని నేననుకొనను. సుప్రీంకోర్టు 2002లో, కర్ణాటకమునుండియే వెళ్లిన టి.ఎం.ఎ. పాయ్ సంస్థ వ్యాజ్యమునందు, అల్పసంఖ్యాకులెవరో రాష్ట్రమును ప్రమాణముగా గొని నిర్ణయింపవలెనని చెప్పినది. కావున మన గ్రామమున తెలుగువారెందరున్నను మనము ఈ రాష్ట్రమున చట్టరీత్యా అల్పసంఖ్యాకులమే. 2014లో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, ఇదియు కర్ణాటకపు వ్యాజ్యమే, ప్రాథమిక దశలో బోధనా భాషను ప్రభుత్వము బలవంతముగా విధింపజాలదనియు, బిడ్డకు మాతృభాష ఏదో తలిదండ్రులు చెప్పవలసినదేననియు తీర్పు నిచ్చినది. ష్లెస్విగ్ ప్రకటనతో దీనిని పోల్చి చూడుడు. కాని ఆ వ్యాజ్యము తెచ్చినవారు ఇంగ్లీషు పాఠశాలలవారు. వారు గెలిచిన స్వేచ్ఛలో మనకును భాగము కలదు. దానిని మనలో ఎక్కువమంది ఇంగ్లీషునకే వినియోగించుచున్నారు.

ఇంగ్లీషు వలదని నేను చెప్పను. కన్నడము సంగతి అంతకన్న స్పష్టము. 2015నాటి చట్టము ప్రకారము ఈ రాష్ట్రపు పాఠశాలలలో కన్నడము మొదటి భాషగానో రెండవ భాషగానో నేర్పవలెను. అది న్యాయమే. తాలూకా కచేరిలో, బ్యాంకులో, న్యాయస్థానములో మన బిడ్డ తలవంపక నిలువవలెనన్నచో కన్నడము చక్కగా రావలెను. మన పాఠశాలలో కన్నడ ఉపాధ్యాయుడు లేనినాడు తెలుగు ఉపాధ్యాయుడు లేనినాటివలెనే మీరు నన్ను నిలదీయవలెను.

వేల్సు దేశపు మాట యొకటి. 1939లో అబెరిస్ట్విత్ పట్టణమున వెల్ష్ భాషలో బోధించు మొదటి ప్రాథమిక పాఠశాల ఏడుగురు పిల్లలతో మొదలైనది. పదిమంది లేరని మూతపడిన మా తరగతిని తలచుకొన్నపుడెల్ల నాకు ఆ ఏడుగురు గుర్తువత్తురు. నేడు ఆ దేశమంతట అట్టి పాఠశాలలున్నవి. అయినను 2021 లెక్కలలో వెల్ష్ వచ్చినవారు నూటికి పదునెనిమిదికి లోపే. అంతకు పదేండ్ల ముందటికన్న తక్కువ. ఇంట మాటలాడనిదానిని పాఠశాల ఒక్కటే నిలుపలేదు.

మరియొక గడి త్వరలోనే మన ఇంటికి రానున్నది. 2027 మార్చి 1 ప్రమాణదినముగా జనగణన జరుపుటకు కేంద్ర ప్రభుత్వము 2025 జూన్‌లో ప్రకటన వెలువరించినది. మన లెక్కలలో మాతృభాష అనగా, చిన్నతనమున తల్లి తనతో మాటలాడిన భాష. తల్లి శైశవమందే గతించినచో ఆ ఇంట ముఖ్యముగా మాటలాడిన భాష. చదివిన భాష కాదు, వ్రాయు లిపి కాదు, ఉన్న రాష్ట్రపు భాష కాదు. ఈ సంగతి అక్షరము రాని అవ్వలకును చెప్పి ఉంచుడు. ఇంటికి వచ్చినవారు అడుగునపుడు తక్కినవారు పొలమున నుండవచ్చును.

ఆ దినమున ఆ రైతునకు నేను చెప్పిన రెండు మాటలివి: “ఇంట్లో వాళ్లమ్మ వానితో ఏ భాష మాట్లాడుతుందో అది రాయి. మేలూ కీడూ తర్వాత చూద్దాం.” అతడు కొంచెము సేపు ఆలోచించి, ఆ గడిలో “తెలుగు” అని కన్నడ లిపిలో వ్రాసి సంతకము చేసెను. అట్లు వ్రాసినను చెల్లును.