సేద్యకుటుంబముల తరగతులు – వాని ప్రయోజనము



కార్వానునకు చేరువనున్న గుడిమల్కాపురము కూరగాయల విపణికి వేకువజామున పోయి చూచినచో నొక సంగతి తేటపడును. ఒక రైతు నాలుగు ఆకుకూర కట్టలు తెచ్చును. వేరొకడు లారీనిండ టమాటాలు దింపించును. ఇరువురను మనము రైతులనియే పిలుతుము. కాని యొకే విత్తనము, ఒకే యంత్రము, ఒకే యప్పు ఇరువురకును సరిపడునా? సరిపడదు. కావున సేద్యమున నే మార్పు చేయదలచినను ముందుగా కుటుంబములను తరగతులుగా నేర్పరచుకొనవలయును.

సర్కారువారి వ్యవసాయ గణనలో కమతముల విస్తీర్ణమునుబట్టి యైదు తరగతులు గలవు. ఒక హెక్టారు, అనగా సుమారు రెండున్నర యెకరములకు లోబడినవారు సన్నకారు రైతులు, 1 మొదలు 2 హెక్టారుల లోపువారు చిన్నకారువారు, 4 లోపు అర్ధమధ్యము, 10 లోపు మధ్యము, ఆపైన పెద్దరైతులు. లెక్కలకిది మంచిదే. కాని బావిక్రింది రెండెకరముల తరియు, వాననే నమ్మిన రెండెకరముల చెల్కయు సమానము కావు గదా.

పటాన్‌చెరువులో 1972వ సంవత్సరమున నెలకొనిన ఇక్రిశాట్ పరిశోధన సంస్థవారు 1975లో కొన్ని గ్రామములందలి కుటుంబముల బ్రతుకుతెరువును పరిశీలింప నారంభించిరి. ఆనాటి మహబూబ్‌నగరము జిల్లాలోని ఔరేపల్లి, దోకూరు వానిలోనివి. గ్రామమునకు 40 కుటుంబములను గైకొనిరి. కూలివారు పదిమంది, చిన్న, మధ్య, పెద్దరైతులు పదేసిమంది. ఎవరు చిన్న, ఎవరు పెద్ద యను హద్దును అన్ని యూళ్లకు నొకటిగా పెట్టక, ఆయా యూరి కమతములనుబట్టి నిర్ణయించిరి. భూమిలేని కూలివానిని గూడ లెక్కలో చేర్చుట గమనింపదగినది. ఏలయన కలుపుదీయు యంత్రము వచ్చినచో మొదట పని పోవునది వాని యింటివారికే.

1980 ప్రాంతమున నల్లరేగడి భూములకై యా సంస్థవారే యెద్దులు లాగెడి చక్రముల పనిముట్టు నొకదానిని రైతులకు చూపిరి. దున్నుట, విత్తుట, అంతరకృషి అన్నియు దానితో జరుగును. పనిలో లోపములేదు. కాని దాని వెల నాగలి, గొర్రుల వెలకు పెక్కురెట్లు. బలమైన యెద్దులజత కావలెను. చిన్నరైతున కవి యెక్కడివి? అందుచే నది వ్యాపింపలేదు.

నేనెరిగిన కౌలుదారుడొకడు పొరుగువారిని జూచి, అప్పుచేసి, కౌలుపొలమున బోరు వేయించెను. మరుసటియేట యజమాని పొలము వెనుకకు దీసికొనెను. నీరు యజమానికి మిగిలెను. అప్పు కౌలుదారునకు మిగిలెను. 2018లో తెలంగాణమున ప్రారంభమైన రైతుబంధు సాయము సైతము పట్టాదారునకే గాని కౌలుదారునకు చేరలేదు. సాగుచేయువాడెవడో తెలియకున్న సాయము దారితప్పును.

కావున మన సంఘములు ప్రతి కుటుంబమును నాలుగు ప్రశ్న లడుగవలెను:

1. భూమి యెంత? తరియా, మెట్టయా? స్వంతమా, కౌలా?
2. ఎద్దులు, పాడి, పనిముట్లు ఎన్ని?
3. ఇంట పనిచేయువారెందరు? కూలికి పోవుదురా, కూలివారిని పిలుతురా?
4. పంట గింజలు ఎన్నినెలలు వచ్చును? అప్పెంత?

కూలిపైనను కౌలుపైనను బ్రతుకువారికి వ్యయము తక్కువయైన మార్పులే మేలు: విత్తనశుద్ధి, పాడిపశువు, సంఘమునుండి బాడుగకు పనిముట్లు. స్వంతకాడి గలిగి, ఇంటివారితోనే సేద్యము నడుపువారికి గొర్రుతో సాళ్లువిత్తుట, జొన్నలో కంది యంతరపంట తగును. పెట్టుబడి గలవారు బిందుసేద్యము, యంత్రములు మొదట పరీక్షింపవచ్చును. నష్టమువచ్చినను వారు తట్టుకొనగలరు.

ఈ తరగతులు గౌరవమునకు కొలతలు కావు. ఒకరి యప్పులు పదిమందిలో చదువరాదు. పంట యింటికి వచ్చిన పిమ్మట ఏటేట పట్టీని సరిచూడవలెను. ఒక కరవు, ఒక పెండ్లి, ఒక జబ్బు కుటుంబమును తరగతి మార్చివేయును. రాబోవు తొలకరికి ముందే యీ పట్టీ సిద్ధముచేసి, అటుపిమ్మట అప్పుల దరఖాస్తులు విచారింపుడు. కాలికి తగిన చెప్పే నడకకు మేలు.