నిచ్చెన ఎక్కిన గూఢచారి

జాకీ చాన్ చేతిలో ఉన్నది తుపాకీ కాదు, మడత నిచ్చెన. చుట్టూ మీదపడే మనుషులు. దాన్ని ఒకసారి అడ్డం పెట్టి దెబ్బ కాచుకుంటాడు. ఇంకోసారి మెట్ల సందులోంచి దూరి అవతల తేలతాడు. మరోసారి కాళ్లు విప్పి ఎదుటివాణ్ని మధ్యలో ఇరికిస్తాడు. 1996లో వచ్చిన ‘ఫస్ట్ స్ట్రైక్’లో ఈ ఫైటు కొద్ది నిమిషాలే. కానీ సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో ఈ సినిమా మాట ఎత్తితే చాలు, కథ గురించి రెండు ముక్కలు, నిచ్చెన గురించి ఇరవై ముక్కలు వినిపించాయి.

ఎడిటర్ గారు అప్పగించిన పని కొంచెం పెద్దది. కుంగ్‌ఫూ, కామెడీ, గూఢచర్యం మూడూ కలిసిన సినిమాను మన వైపు ప్రేక్షకులు ఎలా చూస్తారు, ఏం మెచ్చుకుంటారు, ఎక్కడ పెదవి విరుస్తారు? ఆ మూడూ ఒకేచోట దొరికే సినిమా కోసం వెతికితే స్టాన్లీ టాంగ్ తీసిన ఇదే నా చేతికొచ్చింది. ‘పోలీస్ స్టోరీ’ వరసలో నాలుగోది. హాంకాంగ్ పోలీసొకడు సీఐఏ వాళ్లు చెప్పారని ఒక ఆడమనిషి వెంట ఉక్రెయిన్ దాకా వెళ్తాడు. అక్కడ మంచులో ఇరుక్కుంటాడు, తర్వాత రష్యా వాళ్ల చేతిలో పడతాడు, ఆస్ట్రేలియాలో తేలతాడు. అణుబాంబు అమ్ముకునేవాళ్ల సంగతి మధ్యలో నడుస్తుంటుంది. కథ ఇంతే. దీనికంటే ఎక్కువ గుర్తున్నవాళ్లు నాకు తగల్లేదు.

సూర్యాపేటలో కరాటే నేర్చుకునే కుర్రాళ్లను కదిలించాను. వాళ్ల లెక్క వేరే. హీరో కొట్టిన దెబ్బల కంటే తిన్న దెబ్బలు చూస్తారు. గుద్దు గుద్దాక జాకీ చాన్ చెయ్యి విదిలించుకుంటాడు, వేళ్లు ఊదుకుంటాడు. వాళ్లకు అదే ఇష్టం. బోర్డు మీద గుద్దడం నేర్చుకునేవాడికి చెయ్యి నొప్పి పుడుతుందని తెలుసు. తెరమీద ఆ నొప్పి కనిపిస్తే నమ్ముతాడు. గాల్లో పది గజాలు ఎగిరిపోయే రౌడీలను చూస్తే మాత్రం నవ్వొస్తుందని తేల్చేశారు. ఒక కుర్రాడైతే నాకు క్లాసే చెప్పాడు. జాకీ చాన్ చిన్నప్పుడు చదివింది కరాటే స్కూల్లో కాదు, హాంకాంగ్‌లోని పెకింగ్ ఒపెరా బడిలో. పాట, ఆట, గెంతులు, ముఖంలో భావం అన్నీ అక్కడే నేర్చుకున్నాడు. అందుకే అతని ఫైటుకు తాళం ఉంటుందని ఆ కుర్రాడి మాట. నిజమే. నిచ్చెన ఫైటులో ఆ తాళం స్పష్టంగా పట్టుకోవచ్చు.

కోదాడలో దొరికిన మనిషి వల్లే ఈ కథనానికి ఈ శీర్షిక వచ్చింది. కొత్త సినిమా రిలీజులకు ఫ్లెక్సీలు కట్టడం ఆయన పని. హైవే పక్కన టీ బండి దగ్గర ఫోన్‌లో ఆ ఫైటు పెట్టి చేతికిచ్చాను. మొదటిసారి మామూలుగా చూశాడు. రెండోసారి నిచ్చెన కనిపించగానే ఆపాడు.

“ఆడ చూడు సార్, వేళ్లు యాడ పెట్టిండో.”

ఆయన వేలు పెట్టి చూపించింది బందు దగ్గర. మడత నిచ్చెనకు ప్రాణం, ప్రమాదం రెండూ అక్కడే ఉంటాయి. కాళ్లు తెరిచినప్పుడు మధ్య పట్టీ బిగుసుకోవాలి. అది బిగుసుకోకముందే బరువు పడితే నిచ్చెన మూసుకుంటుంది, బందు దగ్గరున్న వేలు నలుగుతుంది. పైకెక్కి ఫ్లెక్సీ లాగి కట్టేటప్పుడు ఈయన ఎడమ చేతి గోరు అట్లాగే పోయింది. తిరిగి మొలిచిన గోరు వంకరగా ఉంది. నాకు చూపించాడు.

“ఇగ తిప్పేటప్పుడు చూడు. కొసకు పట్టుకుంటే చెయ్యి గుంజుకపోతది. నడిమిట్ల పట్టుకోవాలె. ఆయనకు ఎరుకే సార్ ఇది. ఉత్తగ తీసింది కాదు.”

అట్లా ఆపుతూ, నడుపుతూ ఫైటంతా చూపించాడు. తల దూర్చే ముందు మెట్టు ఎంత వెడల్పో కంటితో కొలుస్తున్నాడని, ఎదుటి ఫైటర్లు కూడా నిచ్చెన తిరిగే చుట్టు ఎంతో లెక్క తెలిసి అడుగు వెనక్కి వేస్తున్నారని, వాళ్లలో ఒక్కడు తప్పటడుగు వేసినా పళ్లు రాలతాయని చెప్పుకుంటూ పోయాడు. నేను చదివిన సినిమా సమీక్షల్లో ఇంత దగ్గరి చూపు తక్కువ. సినిమా ఎట్లుందని అడిగితే, కథ తనకు అంతగా ఎక్కలేదని, ఆ నిచ్చెన పట్టుకున్న మనిషి మాత్రం పనోడని తీర్పు ఇచ్చాడు. పనోడు! ఫ్లెక్సీల మీద ఎంతమంది హీరోల ముఖాలు కట్టి ఉంటాడో, ఆ చేతుల నుంచి వచ్చిన బిరుదు ఇది.

చరిత్ర కూడా రాయమన్నారు గనక వేగంగా చెప్పేస్తాను. 1966లో ‘గూఢచారి 116’తో కృష్ణ మనకు జేమ్స్‌బాండ్ అయ్యారు. 1971లో కె.ఎస్.ఆర్.దాస్ ‘జేమ్స్‌బాండ్ 777’, 1978లో ‘ఏజెంట్ గోపి’, 1983లో చిరంజీవి ‘గూఢచారి నం.1’ వచ్చాయి. 1973లో బ్రూస్‌లీ కన్నుమూసిన కొద్ది రోజులకే విడుదలైన ‘ఎంటర్ ద డ్రాగన్’ కరాటే పిచ్చిని ఊరూరికీ తెచ్చింది. అందులో హీరో కూడా ఒక విధంగా గూఢచారే, దెబ్బలు తిన్న ఫైటర్లలో ఒకడు కుర్ర జాకీ చాన్. తర్వాత సుమన్, భానుచందర్ కరాటే నేర్చుకుని వచ్చారు. పవన్ కల్యాణ్ 1996లో మొదటి సినిమాలోనే తన విద్య చూపించి, 1999లో ‘తమ్ముడు’తో కిక్‌బాక్సింగ్‌ను కాలేజీ కుర్రాళ్ల నోట పలికించారు. 2018లో ‘గూఢచారి’, 2019లో నవ్వించిన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ వచ్చాయి. విద్య ఒకచోట, నవ్వు ఒకచోట, గూఢచర్యం ఒకచోట. మూడూ కలిపి వండినవాళ్లు మనకు తక్కువ.

మిర్యాలగూడలో గట్టిగా అడ్డం తిరిగారు. సాగర్ ఎడమ కాలువ నీళ్లు, రైస్ మిల్లులు, లారీలు, హమాలీల ఊరు అది. మిల్లు దగ్గర పని దిగి కూర్చున్నవాళ్లలో నడివయసు మనిషి ఒకాయన ఈ సినిమాను ఒప్పుకోనే లేదు. హీరో అన్నాక నిలబడి కొట్టాలి గానీ పారిపోవడమేంటి? ఇతను సినిమా అంతా ఉరుకుతూనే ఉంటాడు. మంచు కొండ మీంచి దూకి హెలికాప్టర్ పట్టుకుంటాడు, గడ్డకట్టే నీళ్లలో పడతాడు, బయటికొచ్చి గజగజ వణుకుతాడు. హోటల్ గదిలో కోలా జంతువు బొమ్మల నిక్కరు మీద నిలబడాల్సి వస్తుంది. ఇదేం హీరో? పైగా తల్లి లేదు, చెల్లి లేదు, తీర్చుకోవాల్సిన పగ లేదు. ఎందుకు కొడుతున్నాడో గుండెకు తగలకపోతే కొట్టీ ఏం లాభమని అడిగాడు.

ఆ ప్రశ్నలో సగం నాకు న్యాయంగా తోచింది. పగ, ప్రేమ, ఇంటి మనిషి కోసం ఆరాటం లేని ఫైటు మన ప్రేక్షకుడికి ఉప్పు లేని కూడే. మిగతా సగం ఒప్పుకోలేను. పదిమంది మీదపడితే పరుగెత్తడం పిరికితనం కాదు. గూఢచారి పని ప్రాణాలతో తిరిగొచ్చి కబురు చెప్పడం. జాకీ చాన్ పరుగులో భయం కనిపిస్తుంది, ఆ భయం వల్లే నవ్వు పుడుతుంది, ఆ నవ్వు మధ్యలో అతను నిలబడి నిచ్చెన అందుకుంటే ధైర్యానికి విలువ వస్తుంది. భయమే లేని హీరో నన్ను నవ్వించలేడు, కంగారు పెట్టలేడు. నేను జాకీ చాన్ మనిషినే, దాచుకోను. అయినా ఇది అభిమానంతో అన్న మాట కాదు. అదే మిల్లు దగ్గర కుర్ర హమాలీలు పెద్దాయనతో వాదానికి దిగింది కూడా ఇక్కడే. బస్తా జారితే పక్కకు తప్పుకోవడం తెలిసినవాడే పనిమంతుడని వాళ్ల వాదన.

సినిమా అయిపోయాక పేర్లు పడుతుంటే వచ్చే తప్పిన షాట్ల గురించి మాత్రం మూడు ఊళ్లదీ ఒకటే మాట. ఇండస్ట్రీ వాళ్లు ఎన్జీ షాట్లంటారు. గెంతు తప్పడం, మోకాలు కొట్టుకోవడం, నొప్పితో ముఖం చిట్లించి మళ్లీ నవ్వడం, చుట్టూ యూనిట్ మనుషులు పరుగెత్తుకు రావడం. 1981లో ‘కానన్‌బాల్ రన్’లో నటించినప్పుడు చివర్లో ఇలాంటివి వేయడం చూసి జాకీ చాన్ ఆ అలవాటు పట్టుకున్నాడు. మరుసటి ఏడు ‘డ్రాగన్ లార్డ్’ నుంచి తన సినిమాల్లో పెట్టాడు. 1980ల నడుమ ‘ఆర్మర్ ఆఫ్ గాడ్’ కోసం అప్పటి యుగోస్లావియాలో గోడ మీంచి చెట్టు కొమ్మ మీదికి దూకే షాట్ మొదటిసారే బాగా వచ్చింది. ఇంకోసారి చేద్దామన్నాడు. కొమ్మ విరిగి తల రాళ్లకు తగిలింది, పుర్రె చిట్లింది, మెదడుకు ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఆ పడిపోవడం కూడా సినిమా చివర్లో ఉంది. డబ్బింగ్ ఎంత వంకరగా ఉన్నా, పెదాలు ఒకటి, మాట ఒకటి పలికినా, ఆ చివరి నిమిషాలకు ఏ భాషా అక్కర్లేదు.

బాక్సు: ఎవరికి ఏ అవార్డు

స్టంట్ మాస్టర్లకు మన జాతీయ సినిమా అవార్డు 2017లో మొదలైంది. మొదటిది మలయాళ ‘పులిమురుగన్’కు పీటర్ హెయిన్ అందుకున్నారు. 2021 సినిమాల్లో ‘ఆర్ఆర్ఆర్’కుగాను కింగ్ సోలమన్‌కు, 2023 సినిమాల్లో ‘హను-మాన్’కు వచ్చాయి. ఆస్కార్ వాళ్లు ఇంకా ఆలస్యం. స్టంట్ డిజైన్‌కు అవార్డు ఇస్తామని 2025 ఏప్రిల్‌లో ప్రకటించారు. అది 2027 సినిమాల నుంచి. జాకీ చాన్‌కు మాత్రం 2016లోనే గౌరవ ఆస్కార్ ఇచ్చారు.

జాకీ చాన్ సినిమాల చివర్లో ఆ తప్పిన షాట్లు ఇంకా ఎంతసేపు వస్తాయోనని ఎదురుచూసిన రోజులు మూడు ఊళ్లలోనూ చాలామందికి గుర్తున్నాయి. మన తెలుగు సినిమాల్లో ఫైటర్ల పేర్లు చూడాలంటే కళ్లు చికిలించుకోవాలి. ఈలోపే లైట్లు వేస్తారు, తలుపులు తీస్తారు, జనం బండ్ల స్టాండు వైపు కదులుతారు. నిర్మాతలకు, ఫైట్ మాస్టర్లకు నా విన్నపం ఒక్కటే. మీవాళ్లు పడిన, లేచిన, మళ్లీ చేసిన షాట్లు మాకూ చూపించండి. వాళ్ల పేర్లు చదువుకునేంత సేపు తెరమీద ఉంచండి. థియేటర్ల వాళ్లూ, చివరి పేరు పడేదాకా లైట్లు వేయకండి.